తప్పు సమాచారమా, తప్పుడు సమాచారమా?

సందేహం: ఒక గూఢచారి నవలను తెలుగు చేస్తున్నాను. అందులో ఒక దేశం కావాలనే అబద్ధం పుట్టిస్తుంది. అది నిజమని నమ్మిన ఒక పాత్ర పదిమందికీ చెబుతుంది. ఇంగ్లీషులో మొదటిది డిస్ఇన్ఫర్మేషన్, రెండోది మిస్ఇన్ఫర్మేషన్. మన పేపర్లలో రెండింటికీ ‘తప్పుడు సమాచారం’ అనే కనిపిస్తోంది. వేరుచేసేదెలా? డబుల్ ఏజెంట్‌ను ‘ద్వంద్వ గూఢచారి’ అనొచ్చా? ఉగ్రవాది, తీవ్రవాది ఒకటేనా?

సమాధానం: మీరు వెతుకుతున్న తేడా తెలుగులో ఉంది, పేపర్లే పట్టించుకోవడం లేదు. గుమాస్తా కూడికలో ఒక అంకె వదిలేస్తే అది తప్పు లెక్క. డబ్బు మింగేసి, దాన్ని కప్పిపుచ్చడానికి రాసింది తప్పుడు లెక్క. తప్పు అడ్రసు ఇచ్చినవాడికి వీధి పేరు సరిగా తెలియకపోవచ్చు. తప్పుడు అడ్రసు ఇచ్చినవాడికి దొరకడం ఇష్టం లేదు. తప్పుడు కేసు, తప్పుడు సాక్ష్యం అన్నామంటే ఇక పొరబాటనే మాటే లేదు. కాబట్టి మీ పాత్ర చెప్పింది తప్పు సమాచారం, ఆ దేశం వదిలింది తప్పుడు సమాచారం. ‘దుష్ప్రచారం’ ఇక్కడ నప్పదు. అది మైకు పెట్టుకుని బాహాటంగా కూడా చేయొచ్చు, గుట్టు అక్కర్లేదు.

అయినా నవలలో పని చేసేది క్రియ. ఉదాహరణకు, 1983లో ఢిల్లీ పత్రిక ‘పేట్రియట్’లో పేరు లేని ఉత్తరం ఒకటి అచ్చయింది. ఎయిడ్స్‌ను అమెరికా తన ప్రయోగశాలలో తయారుచేసిందని దాని సారాంశం. కథ అల్లింది సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ. 1985లో మాస్కో వారపత్రిక ఒకటి, ఇదిగో ఢిల్లీ పత్రికే రాసిందంటూ దాన్ని మళ్లీ ఎత్తుకుంది. అక్కడి నుంచి ఎన్నో దేశాలకు పాకింది. 1992లో రష్యా గూఢచార సంస్థ అధిపతి ప్రిమకోవ్ అది తమవాళ్ల పనేనని ఒప్పుకున్నారు. ఇక్కడ కేజీబీ ‘పుట్టించింది’, పత్రికలు ‘ఎత్తుకున్నాయి’, జనం ‘నమ్మి మోశారు’. ఈ మూడు క్రియలూ సరిగ్గా పడితే చాలాచోట్ల మీకు ‘సమాచారం’తో పనే ఉండదు. (ముగ్గురు గూఢచారుల మాట కలిస్తే నమ్మవచ్చన్నాడు కౌటిల్యుడు. ముగ్గురి చెవిలోనూ ఊదింది ఒక్కరే అయితే?)

‘ద్వంద్వ గూఢచారి’ వద్దు. ద్వంద్వాలంటే మనకు సుఖదుఃఖాలు, శీతోష్ణాలు గుర్తొస్తాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ‘ఉభయవేతనుడు’ ఉన్నాడు: ఇక్కడి మనిషే, శత్రువు కొలువులో చేరి అక్కడా జీతం తీసుకునేవాడు. అతని భార్యాబిడ్డలను రాజు తన చేతిలో ఉంచుకోవాలని కూడా ఆ గ్రంథం చెబుతుంది. థ్రిల్లర్‌కు ఇంతకంటే టెన్షన్ ఏం కావాలి! కథనంలో ఆ మాట వాడండి. సంభాషణలో మాత్రం ‘వాడు రెండువైపులా జీతం తింటున్నాడు’ అంటేనే బాగుంటుంది. డబుల్ ఏజెంట్ అని ఉంచినా తప్పు లేదు.

ఇక తీవ్రవాది అంటే వాదంలో తీవ్రత ఉన్నవాడు, చేతిలో తుపాకీ ఉండొచ్చు, లేకపోవచ్చు. జనాన్ని హడలగొట్టడమే పనిగా బాంబు పెట్టేవాడు ఉగ్రవాది. తిలక్ వర్గానికి చరిత్ర పుస్తకాల్లో ఉన్న ‘అతివాదులు’ అనే మాటను ఈ రెండింటితోనూ కలపకండి.