దూరవిద్యలో వ్యర్థాల నిర్వహణ పీజీ: ఫీజుకు అప్పు చేయాలా?

ప్రశ్న: పొడిచెత్తను వేరుచేసి రీసైక్లింగ్‌కు పంపే ప్లాంటులో సూపర్‌వైజర్‌ని. వయసు 36. ఉద్యోగం చేసుకుంటూనే దూరవిద్యలో వ్యర్థాల నిర్వహణ పీజీ చేయాలని ఉంది. రెండేళ్ల కోర్సు ఫీజు నా నాలుగు నెలల జీతమంత. అత్యవసరానికని దాచిన సొమ్ము కూడా దాదాపు అంతే. ఇంటి అప్పు ఈఎంఐ నడుస్తోంది, ఇద్దరు పిల్లలు. దాచింది తీసి కట్టేయమంటారా, పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దండి. చదువు మాత్రం మానుకోకండి.

ముందు అత్యవసర నిధి సంగతి. మీరున్న రంగంలో ఆదాయం పాత కాగితం, ప్లాస్టిక్ ధరలతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 2018లో చైనా ప్లాస్టిక్ వ్యర్థాల దిగుమతికి తలుపులు మూసేసరికి ఎన్నో దేశాల్లో రీసైక్లింగ్ సరుకు ధర పడిపోయింది. అలాంటి ఏడాది మళ్లీ వస్తే మీ ప్లాంటు జీతాలు ఆలస్యం చేయొచ్చు, మనుషుల్ని తగ్గించొచ్చు. ఆ రోజు మీ ఇంటి ఈఎంఐ కట్టేది ఆ నాలుగు నెలల జీతమే. దాన్ని ముట్టుకోకండి.

పర్సనల్ లోన్ ఎందుకు వద్దంటే, దూరవిద్యలో అసలు లాభమే నెలనెలా జీతం ఆగకపోవడం. ఉద్యోగం మానేసి కాలేజీకి వెళ్లి చదివితే ఫీజుతో పాటు 24 నెలల జీతం పోయేది. ఆ నష్టం లేనప్పుడు ఫీజును జీతంలోంచే తీర్చుకోవాలి, వడ్డీ ఎందుకు? లెక్క చూడండి. రెండేళ్లలో పూర్తి చేస్తే నెలకు జీతంలో ఆరో వంతు పక్కన పెట్టాలి. ఇంటి అప్పుతో అది కష్టమే. మూడేళ్లకు సాగదీస్తే తొమ్మిదో వంతు, నాలుగేళ్లకైతే పన్నెండో వంతు. కాబట్టి చేరేముందు మూడు విషయాలు అడగండి: ఫీజు సెమిస్టర్ వారీగా కట్టొచ్చా, కోర్సు పూర్తి చేయడానికి గరిష్ఠ గడువెంత, గడువు పొడిగిస్తే మళ్లీ రుసుము ఉంటుందా. మొదటి ఏడాది తర్వాత పీజీ డిప్లొమాతో బయటికి వచ్చే వీలుంటే ఇంకా మంచిది.

బ్రోషర్‌లో రాసిన ఫీజే మొత్తం ఖర్చు అనుకోకండి. ఈ చదువు పుస్తకాలతో అయిపోయేది కాదు. చెత్త నమూనాలో తేమెంత, కాలిస్తే ఎంత వేడినిస్తుంది, కంపోస్టుకు పెట్టే సరుకులో కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి 30:1కి దగ్గరగా ఉందా లేదా అన్నది చేత్తో పరీక్షించి నేర్చుకోవాలి. అందుకోసం కాంటాక్ట్ తరగతులకు, అంటే నేరుగా హాజరయ్యే తరగతులకు వెళ్లాలి. ప్రయాణం, బస, జీతం కోతపడే సెలవులు, పరీక్ష తప్పితే మళ్లీ కట్టే ఫీజు కలిపి ఇంకో నెల జీతం వేసుకోండి. అంటే మొత్తం ఐదు నెలలు.

ఇప్పుడు రాబడి. పీజీ వల్ల చేతికొచ్చే జీతం 10 శాతం పెరిగితే ఏడాదికి 1.2 నెలల జీతం అదనం. పెట్టింది వెనక్కి రావడానికి నాలుగేళ్లు దాటుతుంది. 20 శాతం పెరిగితే రెండేళ్ల పైచిలుకు. అసలు హోదాయే మారకపోతే ఎప్పటికీ రాదు. అందుకే ముందుగా మీ యాజమాన్యాన్ని అడగండి, ఏ పోస్టుకు ఈ డిగ్రీ పనికొస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉంటే పాత నోటిఫికేషన్లలో అర్హత వాక్యం చదవండి. పర్యావరణ ఇంజినీరింగ్ అని అడిగిన చోట వ్యర్థాల నిర్వహణ ఎమ్మెస్సీ చెల్లకపోవచ్చు. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉండటం ఒకటి, ఆ కోర్సును దూరవిద్యలో నడపడానికి అనుమతి ఉండటం మరొకటి. రెండూ చూశాకే డబ్బు కట్టండి.

ఈ రంగంలో పని తగ్గుతుందన్న భయం మాత్రం నాకు లేదు. ప్రపంచబ్యాంకు 2018 నివేదిక ప్రకారం 2016లో ప్రపంచ నగరాల చెత్త 201 కోట్ల టన్నులు, 2050కి 340 కోట్ల టన్నులకు చేరుతుందని అంచనా. పేద దేశాల పురపాలక బడ్జెట్లలో సగటున దాదాపు 20 శాతం దీనికే పోతోంది. ఆ ఖర్చులో పెద్ద వాటా సేకరణకు, రవాణాకు అవుతుంది. కాబట్టి ఐచ్ఛిక సబ్జెక్టుల్లో రవాణా ఖర్చుల లెక్కలు, డంపింగ్ యార్డుల్లో పుట్టే మీథేన్ అనే మండే వాయువును పట్టి వాడుకోవడం లాంటివి ఎంచుకోండి. ఒక టన్ను తరలించడానికి ఎంతవుతుందో లెక్కగట్టి చెప్పగలిగిన మనిషికి విలువ ఉంటుంది.

ప్రాజెక్టును మీ ప్లాంటు మీదే చేయండి. లోపలికి వచ్చిన సరుకులో ఎంత శాతం అమ్ముడుపోకుండా తిరస్కరణకు గురవుతోంది, తడిచెత్త కలవడం వల్ల కాగితం ధర ఎంత తగ్గుతోంది అన్నది కొన్ని నెలలు తూకం వేసి చూపండి. ఇన్నేళ్లుగా చెత్త వేరుచేసే బెల్టు పక్కన నిలబడి మీరు చూసింది బయటి విద్యార్థికి దొరకదు. ఆ ప్రతిపాదన పట్టుకెళ్లి ఫీజులో సగం భరించమని యాజమాన్యాన్ని అడగండి. వాళ్లు ఒప్పుకుని బాండు రాయమంటే, ఎన్నేళ్లు కట్టుబడాలో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో చదివాకే సంతకం పెట్టండి. రెండేళ్లకు మించి కట్టుబడమంటే నేనైతే ఆ డబ్బు వద్దనే చెబుతాను.