వేటకీ, రేంజ్‌కీ కలిపి ఒకే బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనాలంటే ఏది తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర ఉంటారు, గ్రీన్ కార్డు వచ్చింది, నవంబరులో స్నేహితులతో మధ్య టెక్సాస్‌లోని హిల్ కంట్రీకి జింకల వేటకి వెళ్లాలి, మిగతా ఏడాదంతా రేంజ్‌లో (గురి సాధన చేసే చోట) కాగితం మీద గురి చూసుకోవాలి. స్కోప్‌తో సహా 1800 డాలర్లు దాటకూడదు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, ఇదే మొదటి రైఫిల్. కావలసింది బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి తూటాకీ బోల్ట్ పిడిని చేత్తో లాగి తోసే రకం. క్యాలిబర్ (తూటా రకం) 6.5 క్రీడ్‌మూర్ తీసుకోవాలా, .308 తీసుకోవాలా, ఏ కంపెనీది కొనాలి?

నా జవాబు ముందే చెప్పేస్తాను. 6.5 క్రీడ్‌మూర్‌లో, స్కోప్ లేకుండా ఏడున్నర, ఎనిమిది పౌండ్ల మధ్య బరువుండే రైఫిల్ తీసుకోండి. కంపెనీ పేరు ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు. అందరూ క్యాలిబర్ గురించీ కంపెనీ గురించీ వాదించుకుంటారు గానీ, ఒకే తుపాకీతో రెండు పనులూ చేయాలనుకునేవాళ్లకి అసలు చిక్కు బరువు దగ్గరే వస్తుంది.

వేటకి తేలిక తుపాకీ హాయి. టిక్కా టీ3ఎక్స్ లైట్ లాంటిది ఆరున్నర పౌండ్లే ఉంటుంది, భుజాన వేసుకుని రాళ్లల్లో ఎంత దూరం నడిచినా బరువు తెలియదు. కానీ తేలిక అంటే సన్న బ్యారెల్. రేంజ్‌లో వరసగా నాలుగైదు పేల్చేసరికి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ఒక్కోసారి తూటాలు పడే చోటు మెల్లగా పక్కకి జరగడం మొదలవుతుంది, బ్యారెల్ మీద నుంచి లేచే వేడి గాలికి స్కోప్‌లో కాగితం అలలలా కదులుతుంది. అప్పుడు మీరు బోల్ట్ తెరిచి, తుపాకీని నీడలో స్టాండుకి నిలబెట్టి, టెక్సాస్ ఆగస్టు ఎండలో పావుగంటో ఇరవై నిమిషాలో కూర్చోవాలి. పైగా తేలిక తుపాకీ పేల్చినప్పుడు భుజానికి ఎక్కువ తన్నుతుంది. మొదటి రైఫిల్ గట్టిగా తన్నితే మనిషికి తెలియకుండానే ట్రిగ్గర్ నొక్కేముందు కళ్లు మూసుకుపోవడం, భుజం బిగుసుకుపోవడం అలవాటైపోతుంది, ఆ అలవాటు వదిలించుకోవడం చాలా కష్టం.

అటు చూస్తే, బెర్గారా బీ-14 హెచ్‌ఎమ్‌ఆర్ లాంటిది తొమ్మిది పౌండ్ల పైచిలుకు. స్కోప్, మౌంట్లు, తూటాలు కలిపితే పదకొండుకి దగ్గరపడుతుంది. బెంచీ మీద అద్భుతంగా కొడుతుంది, గంటసేపు పేల్చినా భుజం నొప్పెట్టదు. కానీ తెల్లవారుజామున చీకట్లో దాన్ని మోసుకుంటూ ముళ్లకంచెలు దాటి వెళ్లడం, జింక అనుకోని వైపు నుంచి వస్తే మెల్లగా ఎత్తి బ్లైండ్ (వేటగాడు దాక్కుని కూర్చునే చిన్న గది) కిటికీలో నుంచి తిప్పడం ఆషామాషీ కాదు. అందుకే మధ్యరకం అంటున్నాను. మరీ సన్నమూ మరీ లావూ కాని బ్యారెల్, 22 నుంచి 24 అంగుళాల పొడవు, చివర సైలెన్సర్ లాంటివి బిగించుకునే మర ఉంటే ఇంకా మంచిది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, కొత్తవాళ్లు దీని గురించి ఆలోచించరు. వేటలో లెక్కలోకి వచ్చేది చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి తూటా ఒక్కటే. రేంజ్‌లో పది తూటాలు ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయన్నది జింకకి అనవసరం. అందుకని నేను రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ మొదటి తూటా వేరే కాగితం మీద వేస్తాను, పక్కన తేదీ, ఎండ, చలి రాసి, ఆ కాగితాన్నే మళ్లీ తర్వాతిసారి తీసుకెళ్తాను. కొన్ని నెలలకి ఆ ఒక్క కాగితం మీద కనిపించే గుంపే మీ తుపాకీకీ మీకూ ఉన్న నిజమైన గురి. కంపెనీవాళ్లు డబ్బా మీద రాసే 'వంద గజాల్లో అంగుళం' హామీ సాధారణంగా మూడు తూటాల మాట, దాన్నీ దీన్నీ కలిపి చూడకండి.

ఇక క్యాలిబర్. .308 వించెస్టర్ 1952 నుంచి ఉంది, ఏ ఊరి దుకాణంలోనైనా దొరుకుతుంది, దాని బ్యారెల్ చాలా ఏళ్లు మన్నుతుంది. 6.5 క్రీడ్‌మూర్‌ని హోర్నడీ కంపెనీ 2007లో తెచ్చింది, అసలు దాన్ని తయారుచేసిందే గురి పోటీల కోసం, వేటగాళ్లు తర్వాత అందిపుచ్చుకున్నారు. మీ అవసరం రెండూ కాబట్టి అది మీకు సరిగ్గా సరిపోతుంది. ఒకే బరువున్న తుపాకుల్లో చూస్తే .308 తన్నే దాంట్లో సుమారు మూడింట రెండొంతులే తన్నుతుంది. సన్నగా పొడవుగా ఉండే తూటా కాబట్టి దూరం పెరిగేకొద్దీ గాలికి తక్కువ కొట్టుకుపోతుంది, అయితే ఈ తేడా వంద గజాల్లో కనబడదు, మూడు నాలుగు వందలు దాటాకే తెలుస్తుంది. హిల్ కంట్రీలో లానో, మేసన్ వైపు జింకలు పెద్దవేమీ కావు, బ్లైండ్‌లో కూర్చుంటే మేత పడే చోటు వంద గజాల అటూ ఇటూ ఉంటుంది, ఆ దూరంలో రెండిట్లో ఏదైనా పని పూర్తి చేస్తుంది. మీ స్నేహితులందరి దగ్గరా .308 ఉండి, తూటాలు కలిసి కొనుక్కునే పద్ధతి ఉంటే అదే తీసుకోండి, నష్టం లేదు. వీటికంటే చాలా బలమైన .300 విన్‌మాగ్ వైపు మాత్రం పోవద్దు. మన దగ్గర కొంతమంది 'కొంటే పెద్దదే కొనాలి' అంటారు, ఆ మాట వినకండి. ఇక్కడి జింకకి ఆ బలం అక్కర్లేదు, రేంజ్‌లో పదిహేను తూటాలు పేల్చేసరికి ఇంటికి పోదామనిపిస్తుంది, ఇంటికి పోతే సాధన ఉండదు.

మీ ఎత్తు చెప్పడం మంచిదైంది. మామూలు స్టాక్‌లో (భుజానికి ఆనించే కర్ర లేదా ప్లాస్టిక్ భాగంలో) ట్రిగ్గర్ నుంచి వెనక చివరిదాకా పదమూడున్నర, పదమూడుముప్పావు అంగుళాలు ఉంటుంది. మీకు అది కొంచెం పొడవు, నవంబరు చలికి దళసరి జాకెట్ వేసుకుంటే ఇంకా పొడవవుతుంది. పొడవైతే మెడ ముందుకి సాచాల్సి వస్తుంది, స్కోప్‌లో చుట్టూ నల్లటి నీడ పడుతుంది, తుపాకీ ఎత్తేటప్పుడు చంకలో తట్టుకుంటుంది. దుకాణంలో సేల్స్‌మన్‌ని అడిగి, ఖాళీగా ఉందని ఇద్దరూ చూసుకుని, తుపాకీని గోడవైపు పెట్టి ఇలా చేయండి: కళ్లు మూసుకుని, మీకు సుఖంగా ఉన్నట్టు భుజానికి ఆనించి, చెంప స్టాక్ మీద పెట్టి, అప్పుడు కళ్లు తెరవండి. స్కోప్ ఉన్న తుపాకీ అయితే నిండు గుండ్రంగా కనబడాలి, తల పైకో ముందుకో జరపాల్సి వస్తే ఆ స్టాక్ మీకు కుదరలేదన్నమాట. వీలైతే జాకెట్ పట్టుకెళ్లండి, దుకాణంలో ఎవరూ నవ్వరు. శావేజ్ 110లో అక్యూఫిట్ స్టాక్ ఉన్నవాటికి పొడవూ చెంప ఎత్తూ రెండూ మార్చుకునే ముక్కలు వస్తాయి, పొట్టిగా ఉన్నవాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే సౌకర్యం.

కంపెనీల మాటకొస్తే, మీ బడ్జెట్‌లో నేను మొదట చూడమనేది బెర్గారా బీ-14 రిడ్జ్. స్పెయిన్‌లో తయారవుతుంది, బ్యారెల్ మధ్యరకం లావు, చివర మర ఉంది, యాక్షన్ (బోల్ట్ కదిలే లోహపు భాగం) రెమింగ్టన్ 700 అనే రైఫిల్ కొలతల్లో ఉంటుంది కాబట్టి రేపు స్టాక్ మార్చాలన్నా ట్రిగ్గర్ మార్చాలన్నా బోలెడు దొరుకుతాయి. రెండోది టిక్కా, ఫిన్లాండ్‌లో సాకో ఫ్యాక్టరీలో చేస్తారు. దాని బోల్ట్ వెన్నలా జారుతుంది, ట్రిగ్గర్ ఏమీ చేయకుండానే బాగుంటుంది, బోల్ట్ పిడి 70 డిగ్రీలే లేస్తుంది కాబట్టి స్కోప్‌కి వేళ్లు తగలవు. లైట్ కాకుండా కొంచెం లావు బ్యారెల్ ఉన్నది దొరికితే చూడండి. జపాన్ వాళ్ల హోవా 1500 కూడా గట్టి తుపాకీ, కాకపోతే బరువు చూసుకోవాలి. డబ్బు మిగల్చాలంటే రూగర్ అమెరికన్, శావేజ్ 110, ఇవి చూడ్డానికి ప్లాస్టిక్ బొమ్మల్లా అనిపించినా కాగితం మీద ఖరీదైనవాటికి తీసిపోవు. రూగర్ కొని, మిగిలిన మూడు నాలుగు వందలు తూటాల మీద పెట్టినవాడు, ఖరీదైన రైఫిల్ కొని రెండు డబ్బాలతో సరిపెట్టుకున్నవాడికంటే ఏడాది తిరిగేసరికి బాగా కొడతాడు, ఇందులో నాకు అనుమానమే లేదు.

కౌంటర్ దగ్గర ఇంకోటి చూసుకోండి, సేఫ్టీ (తుపాకీ పేలకుండా ఆపే మీట) వేసి ఉండగా బోల్ట్ తెరుచుకుంటుందా లేదా అని. కొన్నిట్లో తెరుచుకుంటుంది, వించెస్టర్ మోడల్ 70 లాంటివాటిలో దానికి ప్రత్యేకంగా మూడో స్థానం ఉంటుంది, కొన్నిట్లో ఛాంబర్లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) ఉన్న తూటా తీయాలంటే సేఫ్టీ తీయక తప్పదు. ఏదైనా తప్పు కాదు, కానీ చీకట్లో చేతికి తెలిసి ఉండాలి.

స్కోప్‌కి కనీసం నాలుగు వందల డాలర్లు అట్టిపెట్టండి. టెక్సాస్‌లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం అయిన అరగంట దాకా వేటకి అనుమతి, జింకలు బయటికి వచ్చేది ఎక్కువగా ఆ మసక వెలుతురులోనే. అందుకని పెద్ద పెద్ద మాగ్నిఫికేషన్ అంకెలు చూసి మోసపోకుండా, గాజు స్పష్టత చూడండి. 3-9 (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపేది) వేటకి చాలు, రేంజ్‌కి కూడా కావాలి కాబట్టి 3-15 లేదా 4-16 దాకా పోవచ్చు, అంతకు మించి వద్దు. స్కోప్‌ని తుపాకీకి పట్టి ఉంచే రింగులు చవకవి కొనకండి, స్క్రూలు టార్క్ రెంచ్‌తో, రాసిన కొలతకే బిగించండి. గురి కుదరడం లేదని తల పట్టుకునేవాళ్లలో చాలామంది తుపాకీల్లో తీరా చూస్తే ఒక స్క్రూ వదులుగా ఉంటుంది.

జీరో చేయడం, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్‌ని సరిచేయడం, మొదట 25 గజాల దగ్గర మొదలుపెట్టండి. పావు ఎమ్‌ఓఏ (వంద గజాల్లో సుమారు అంగుళం జరిపే కోణం ఒక ఎమ్‌ఓఏ) క్లిక్కుల స్కోప్ అయితే వంద గజాల్లో అంగుళం జరపడానికి నాలుగు క్లిక్కులు, 25 గజాల్లో అదే అంగుళానికి పదహారు కావాలి. ఈ లెక్క తెలియక చాలామంది తూటాలు వృథా చేసుకుంటారు. కాగితం మధ్యకి వచ్చాక వంద గజాలకి వెళ్లి మూడేసి తూటాలు వేసి సరిచేసుకోండి. వేటకి ఏ తూటా వాడతారో దానితోనే చివరి జీరో చేయాలి, రేంజ్‌లో వాడే చవక తూటా వేరే చోట పడొచ్చు. ఒక్కో తుపాకీకి ఒక్కో తూటా నచ్చుతుంది కాబట్టి మూడు నాలుగు రకాలు ఒక్కో డబ్బా కొని చూడండి. గురి పోటీల తూటాతో మాత్రం జింకని కొట్టకండి, వ్యాకోచించే వేట తూటానే వాడండి.

బెంచీ మీద గురి కుదిరాక బెంచీ వదిలేయండి. మోకాలి మీద, కర్రల ఆసరాతో, కుర్చీలో కూర్చుని కిటికీ చట్రం మీద ఆనించి కొట్టండి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాలు. ఏ దూరంలో, ఏ భంగిమలో ప్రతి తూటా ఎనిమిది అంగుళాల కాగితపు ప్లేటులో పడుతుందో అదే మీ హద్దు, దాని అవతల ఎంత పెద్ద కొమ్ములు కనబడినా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి. గాయపడిన జంతువు ముళ్లపొదల్లోకి పారిపోయి చీకటి పడ్డాక దాన్ని వెతకడం మనసుని పిండేస్తుంది.

కాగితాల సంగతి. మీరు 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి, పదిహేడేళ్లు దాటినవాళ్లు ఆన్‌లైన్‌లోనే పూర్తిచేయొచ్చు. హంటింగ్ లైసెన్సు సెప్టెంబరు నుంచి ఆగస్టు దాకా చెల్లుతుంది, కొట్టిన జింకకి తగిలించే ట్యాగులు దానితోనే వస్తాయి. దుకాణంలో 4473 ఫారం నింపాలి, నేపథ్య తనిఖీ ఉంటుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనొచ్చు. ఇది చదివే హెచ్‌-1బీ వాళ్లకి మాత్రం, ఫెడరల్ చట్టం ప్రకారం మీరు తుపాకీ దగ్గర పెట్టుకోవడం మామూలుగా నిషిద్ధం, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు గడువు ఎప్పుడు తీరుతుందో గుర్తుపెట్టుకోవాలి, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు. స్నేహితుడి కోసం మీ పేరు మీద కొనిపెట్టడం నేరం, ఎంత దగ్గరవాడైనా సరే.

ఇంట్లో పిల్లలుంటే తుపాకీ కంటే ముందు సేఫ్ కొనండి, దాని డబ్బు మీ 1800లో కలపకండి. టెక్సాస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లలకి తూటాలు నింపిన తుపాకీ అందేలా వదిలేయడం నేరం కూడా. తూటాలు వేరేచోట, తాళం వేసి పెట్టండి.

చివరిగా మనవాళ్లకి మాత్రమే వచ్చే సమస్య ఒకటి. రేంజ్‌కి ఒక బ్యాగు కేటాయించి, దాన్ని ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. బ్యాగు పక్క జేబులోనో, వేట జాకెట్ లోపలి జేబులోనో మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్లో బయటపడితే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది, పొరపాటున ఉండిపోయిందని మీరు చెప్పుకోవాల్సింది పోలీసులకీ కోర్టుకీ. రేంజ్ నుంచి రాగానే జేబులన్నీ తిరగేసి, మిగిలిన తూటాలు లెక్కపెట్టి డబ్బాలో వేసేయండి. ఇంట్లోవాళ్లకి కూడా ఆ బ్యాగు ఏదో చూపించి ఉంచండి, సామాను సర్దేది ఎక్కువగా వాళ్లే కదా.