పిల్లలతో అమెరికా వస్తున్నవారికి కొన్ని జాగ్రత్తలు

అమెరికాకు కొత్తగా వచ్చే తెలుగు కుటుంబాలు పిల్లల భద్రత మాట రాగానే ముందుగా అడిగేది బడిలో కాల్పుల గురించే. ఆ భయాన్ని తప్పుపట్టలేము. అయితే ఇక్కడ చాలాకాలంగా పిల్లలను పెంచుతున్నవారు ముందు చెప్పేది కారులోనూ, అపార్టుమెంటు ఈతకొలను దగ్గరా, చివరికి మన పూజగదిలోనూ పొంచి ఉండే ప్రమాదాల సంగతి. వాటిలో చాలావాటిని ఆపడం తల్లిదండ్రుల చేతిలోనే ఉంది. చట్టాలు మాత్రం రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి కనుక, టెక్సాస్‌లో ఉన్న బావగారు చెప్పింది న్యూజెర్సీలో చెల్లకపోవచ్చు. మీ రాష్ట్రంలో నియమం ఏమిటో మీరే చూసుకోవాలి.

ఇక్కడే కాన్పు జరిగితే, బిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే రోజుకే కారులో పిల్లల కోసం వేరుగా ఉండే ‘కారు సీటు’ బిగించి సిద్ధంగా ఉండాలి. పురిటికని ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మకు, గుక్కపట్టి ఏడుస్తున్న పసికందును ఒడిలోకి తీసుకోకుండా వెనక సీటులో పట్టీలతో కట్టి ఉంచడం రాతిగుండె పనిలా కనిపిస్తుంది; ‘రెండు వీధుల అవతలికే కదా’ అని బతిమాలుతుంది కూడా. ఆ ఒక్క విషయంలో మెత్తబడవద్దు. కారు దేన్నైనా ఢీకొన్న క్షణంలో ఒడిలోని బిడ్డను పట్టి ఆపగల బలం ఏ చేతులకూ ఉండదు. శిశువు ముఖం కారు వెనకవైపుకు ఉండేలా సీటు అమర్చడానికీ కారణం ఉంది: ఢీకొన్న తాకిడి లేత మెడ మీద పడకుండా వీపు, తల అంతటా పంచుకుపోతుంది. సీటు తయారీదారు చెప్పిన గరిష్ఠ బరువు లేదా ఎత్తు వచ్చేవరకూ అలాగే కూర్చోబెట్టమని ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో సూచించింది. కాలిఫోర్నియాలో 40 పౌన్ల బరువు లేదా 40 అంగుళాల ఎత్తు రాని 2 ఏళ్లలోపు పిల్లలకు ఇది చట్టం. అక్కడే 8 ఏళ్లలోపువారు 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు చేరేదాకా వెనక వరుసలో కారు సీటులో గానీ, పిల్లను ఎత్తులో కూర్చోబెట్టే బూస్టరు సీటులో గానీ కూర్చోవలసిందే. చలికాలంలో దళసరి కోటు తొడిగి దాని మీద పట్టీలు బిగిస్తే, ఢీకొన్నప్పుడు కోటు అణిగిపోయి పట్టీలు వదులవుతాయి. పట్టీలు పెట్టిన తరువాతే కోటు పైన కప్పాలి. ఎవరో వాడేసి ఇచ్చిన సీటు తీసుకునేముందు దాని మీద గడువు తేదీ చూడండి, అది ఎప్పుడైనా ప్రమాదంలో పడిందేమో అడగండి. బిగించిన తీరు సరిగా ఉందో లేదో శిక్షణ పొందినవారి చేత చూపించుకునే వీలు చాలా ఊళ్లలో ఉంది.

ఇండియన్ స్టోరు ముందు కారు ఆపి, కొత్తిమీర కట్ట కోసమని నిద్రపోతున్న పిల్లను కారులోనే వదిలి వెళ్లడం మరొక అలవాటు. ఎండలో ఆపిన కారు లోపలి వేడి 10 నిమిషాల్లోనే సుమారు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరుగుతుంది. ఈ దేశంలో ఇలా వేడికారులో చనిపోయే పిల్లలు ఏటా సగటున 37 మంది. వారిలో సగానికి పైగా తల్లిదండ్రులో, చూసుకునేవారో మరచిపోయినవారే. ఆఫీసు బ్యాగును వెనక సీటులో పిల్ల పక్కన పెట్టడం అలవాటు చేసుకుంటే, దిగేటప్పుడు వెనక తలుపు తీయక తప్పదు.

పసుపు రంగు స్కూలు బస్సు ఎర్రదీపాలు వెలిగించి, పక్కన స్టాప్ పలకను చాచిందంటే, మధ్య విభజన లేని రోడ్డు మీద రెండు వైపులా వాహనాలు ఆగిపోవాలి. ఎదురుగా వస్తున్నాం కదా అని ముందుకు పోయిన కొత్త డ్రైవర్లకు జరిమానా గట్టిగానే పడుతుంది. పిల్లలకు నేర్పవలసినది ఒకటుంది: బస్సు చుట్టూ 10 అడుగుల మేర డ్రైవరుకు సరిగా కనబడని చోటు కనుక, పుస్తకమో బంతో బస్సు కిందికి దొర్లినా వంగి తీసుకోకూడదు, డ్రైవరుకు చెప్పాలి.

ఇంట్లోని సంగతులే ఎక్కువగా చెప్పవలసినవి, ఎందుకంటే వాటిలో కొన్ని మనతోపాటు సూట్‌కేసుల్లో వచ్చినవి. పూజగదిలో పటికబెల్లం ప్రసాదంగా పెట్టే చేతికి అందుబాటులోనే కర్పూరం డబ్బా ఉంటుంది. రెండేళ్ల పిల్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇక్కడ అమ్మే మందుల్లో కర్పూరం 11 శాతానికి మించకూడదని మందులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ నియమం. మన హారతి బిళ్లల్లో ఉండేదో దాదాపు అంతా కర్పూరమే. మింగిన కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. పిల్లకు స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా వెంటనే అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి. బాగానే ఉన్నట్టు కనిపిస్తే, విషపదార్థాలు మింగినప్పుడు సలహా చెప్పే పాయిజన్ కంట్రోల్ వారిని 1-800-222-1222లో అడగాలి. ఆ సేవ ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఎమర్జెన్సీకి వెళ్లేటప్పుడు ఆ డబ్బాను వెంట తీసుకువెళ్లండి, ఎందుకంటే ఇక్కడి డాక్టరుకు కర్పూరం అనే ఆలోచన తట్టకపోవచ్చు. బట్టలుతికే రంగురంగుల గుళికలూ ఇదే జాతి ప్రమాదం.

కొన్ని రకాల కాటుకలో, కుంకుమలో, కల్తీ పసుపులో సీసం బయటపడింది. ఎంత తక్కువ సీసమైనా ఎదిగే మెదడుకు చేటే. పిల్లల డాక్టరు రక్తపరీక్ష రాసి, ఇండియా నుంచి తెచ్చినవి ఏమైనా వాడుతున్నారా అని అడిగితే, మొహమాటపడకుండా అన్నీ చెప్పండి. ఆ ప్రశ్న మన ఆచారాన్ని తక్కువ చేయడానికి కాదు. ఏడాది నిండని బిడ్డ నాలుకకు తేనె రాయడం మాత్రం పూర్తిగా మానాలి, బాట్యులిజం అనే జబ్బుకు దారితీసే బీజాలు అందులో ఉండవచ్చు. తల గుండ్రంగా వస్తుందని నాయనమ్మ కుట్టి పంపిన ఆవాల దిండు కూడా పక్కన పెట్టవలసిందే: శిశువు గట్టి, చదును పరుపు మీద, వెల్లకిలా, దిండూ దుప్పటీ లేకుండా ఒంటరిగా పడుకోవాలని ఇక్కడి వైద్యులు చెబుతారు.

ఈతకొలను గురించి క్లుప్తంగా. 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకు ఈ దేశంలో మొదటి కారణం నీటమునగడమే. మునిగే పిల్ల కేకలు వేయదు. అపార్టుమెంటు కొలను గేటు దానంతటదే మూసుకుని గడియ పడుతోందో లేదో చేరిన మొదటి వారంలోనే చూసి, పడకపోతే మేనేజరుకు రాసి ఇవ్వండి.

పిల్లలను ఇంట్లో ఒంటరిగా వదలడానికి వయసు నియమం అన్ని రాష్ట్రాల్లో లేదు. మేరీలాండ్‌లో 8 ఏళ్లలోపువారిని వదలకూడదు, తోడుగా ఉండేవారికి కనీసం 13 ఏళ్లుండాలి. ఒంటి మీద దెబ్బ కనిపించి అనుమానం వస్తే టీచర్లూ డాక్టర్లూ అధికారులకు తెలియజేయడం చట్టరీత్యా వారి బాధ్యత. వారితో వాదించి ప్రయోజనం లేదు. చెయ్యి చేసుకునే అలవాటు మానడమే మేలు.

బడిలో పిల్లను ఇంటికి తీసుకువెళ్లదగినవారి పేర్లు రాసిచ్చే కాగితం ఉంటుంది. అందులో పేరు లేకపోతే సొంత తాతగారికైనా పిల్లను అప్పగించరు, అది మంచిదే. మాత్రలు లంచ్ బాక్సులో పెట్టి పంపకూడదు, నర్సుకు ఇవ్వాలి. పల్లీపట్టీ పంచుకోవద్దని పిల్లకు చెప్పండి. పక్క పిల్లకు ప్రాణాంతకమైన ఎలర్జీ ఉండవచ్చు. కాల్పుల విషయానికి వస్తే, 1 నుంచి 19 ఏళ్లవారి మరణాలకు కారణాల్లో తుపాకులు 2020లో మొదటి స్థానానికి చేరాయి, కానీ వాటిలో బడి ఆవరణలో జరిగేవి చాలా కొద్ది. అందుకే స్నేహితుల ఇంటికి ఆడుకోవడానికి పంపేముందు, మీ ఇంట్లో తుపాకి ఉందా, తాళం వేసి ఉంచుతారా అని అడగండి. మనకు ఎబ్బెట్టుగా అనిపించే ఈ ప్రశ్న ఇక్కడివారికి కొత్త కాదు.

పిల్లలను చూసుకోవడానికి వచ్చిన పెద్దవాళ్లు 911 చేయడానికి భాష రాదని జంకుతారు. అపార్టుమెంటు నంబరుతో సహా ఇంటి చిరునామాను తెలుగు లిపిలోనూ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఇంగ్లీషు రాకపోతే ‘తెలుగు’ అని చెబితే చాలు, దుబాసీని లైనులోకి తీసుకునే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. పిల్లలు ఆటలో పొరపాటున ఆ నంబరు నొక్కితే, కంగారుపడి ఫోన్ పెట్టేయకుండా పొరపాటని చెప్పాలి. చెప్పకుండా పెట్టేస్తే వారే తిరిగి ఫోన్ చేస్తారు, పోలీసులను ఇంటికి పంపినా పంపవచ్చు.