పానగల్లు వ్యాసానికి పుస్తకాల డబ్బు అడగబోతున్న బిడ్డకు

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన ఆశీర్వదించి రాయునది.

తెలుగు వికీపీడియాలో మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం వ్యాసాన్ని నువ్వు పెంచుతున్నావనీ, అందుకు కావలసిన పుస్తకాలు కొనడానికి కొంత సాయం కోరుతూ వికీపీడియా వారికి దరఖాస్తు రాస్తున్నావనీ మొన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. మన మునగాల సంస్థానంలో దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని పూనుకొని, పని మధ్యలో ఉండగానే 1923లో కన్నుమూశారు. అటువంటి పనిలో మా ఇంటి పిల్ల చెయ్యి పడిందని ఆ రాత్రి మీ పెద్దమ్మతో రెండుసార్లు చెప్పుకున్నాను. పడుకున్న తర్వాత మాత్రం మీ నాయన అన్న మాటల్లో డబ్బు అన్నదొక్కటే చెవిలో తిరిగింది. ఇక నిద్ర పట్టలేదు.

దరఖాస్తు ఎట్లా నింపాలో నీకు నేను చెప్పనక్కరలేదు. ఎంత కావాలో, ఎందుకు కావాలో, ఎప్పటికి ముగిస్తావో రాస్తావు. అడిగే ముందు మన జిల్లా గ్రంథాలయంలో ఏమున్నాయో చూడు. నిజాం కాలంలో పురావస్తు శాఖ అచ్చువేసిన శాసన సంపుటాల కోసం, పాత పుస్తకాలు చదువుకోనిచ్చే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతుకు. వికీపీడియా వారే నడిపే లైబ్రరీ ఒకటి ఉన్నదనీ, ఖాతా తెరిచి ఆరు నెలలు నిండి, 500 దిద్దుబాట్లు దాటి, ఈమధ్య కూడా పనిచేస్తున్నవారికి అందులో పత్రికలూ పుస్తకాలూ ఉచితంగా చదువుకొనే వీలు ఉంటుందనీ నువ్వే ఒకసారి చెప్పావు. అక్కడ దొరికేదాన్ని డబ్బు పెట్టి కొంటానని రాస్తే చదివేవారికి నీ మీద నమ్మకం పోతుంది.

ఇక నా సంగతి వినాలి. ఇది మీ నాయనకు కూడా పూర్తిగా తెలియదు.

1987లో పానగల్లు గుళ్ళ మీద చిన్న పుస్తకం రాస్తానంటే హైదరాబాదులోని ఒక సంస్థవారు పుస్తకాలు కొనుక్కోవడానికి నాకు 1,500 రూపాయలు ఇచ్చారు. బడిపంతులుకు అది చిన్న మొత్తం కాదు. ఒక ఆదివారం తెల్లవారుజామునే బస్సెక్కి ఆబిడ్స్‌లో దిగాను. ఆదివారం అక్కడి ఫుట్‌పాత్‌ల మీద పుస్తకాలు పరిచి అమ్ముతారని నీకూ తెలుసు కదా. నేను రాసుకొని పోయిన జాబితా జేబులోనే ఉండిపోయింది. కన్నడ దేశపు శిల్పం మీద బొమ్మల పుస్తకం కనబడితే కొన్నాను, అట్ట చిరిగిన నిఘంటువు కనబడితే కొన్నాను. మధ్యాహ్నానికి పదకొండు పుస్తకాలయ్యాయి. వాటిలో పానగల్లుకు పనికివచ్చేవి రెండు. రసీదు ఇమ్మని అడిగితే ఆ అమ్మే ముసలాయన పుస్తకం మీది దుమ్మును తువ్వాలతో దులుపుతూ, "రసీదా సాబ్?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆరు నెలల తర్వాత లెక్క పంపమని ఉత్తరం వచ్చింది. బడిలో పిల్లల నోటుబుక్కు నుంచి ఒక కాగితం చింపి, ఒకే కలంతో, ఒకే సిరాతో పదకొండు పద్దులు రాసి, కింద నేనే సంతకం పెట్టుకొని తీసుకుపోయాను. సమావేశంలో ఇరవై మంది ముందు కోశాధికారి ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, "సారూ, కొన్నదీ మీరే, అమ్మినదీ మీరేనా?" అని అడిగాడు. నేను ఒక్క పైసా తినలేదు. అయినా ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. లెక్క తేలని 640 రూపాయలు తిరిగి కట్టమన్నారు. మీ పెద్దమ్మ ఏమీ అడగకుండా చెవుల కమ్మలు తీసి చేతిలో పెట్టింది. అవి తాకట్టు నుంచి విడిపించేసరికి రెండు దసరాలు దాటిపోయాయి. ఆ రెండు పండుగలకూ ఆమె చెవులకు వేపపుల్లలు పెట్టుకొని తిరిగింది. ఇప్పుడు ఇది రాస్తుంటే పక్కనే కూర్చొని, "ఆ పిల్లకు ఇదంతా ఎందుకు?" అని కోప్పడుతున్నది.

పుస్తకం పని కూడా అట్లాగే అయింది. గుడికి భూమి దానమిచ్చిన సంగతి ఒకటి ఎక్కడో చదివి నోటుబుక్కులో ఎత్తి రాసుకున్నాను కానీ, ఏ సంపుటమో, ఎన్నో పుటో రాసుకోలేదు. అచ్చుకు ముందు ఒక పెద్దాయన, "ఇది ఎక్కడిది?" అని అడిగాడు. వారం రోజులు వెతికి, దొరకక, ఆ వాక్యం కొట్టేశాను. శక సంవత్సరానికి 78 కలిపి క్రీస్తుశకం చెయ్యడం తెలిసినవాణ్ణి, పుట సంఖ్య వేసుకోవడం తెలియనివాణ్ణయ్యాను. రసీదు లేని కొనుగోలూ పుట సంఖ్య లేని వాక్యమూ నాకు అప్పటినుంచి ఒకే రకంగా కనబడతాయి.

అందుకే, బిడ్డా, నీ దరఖాస్తులో పుస్తకం పేరు రాసి ఊరుకోకు. వ్యాసంలో ఏ భాగానికి ఏ పుస్తకం అవసరమో పక్కనే రాయి. ఈ సీమనేలిన కందూరు చోడుల వంశక్రమానికి ఒకటి, మూడు గర్భగుళ్ళుండే త్రికూటాలయ నిర్మాణానికి ఒకటి, పానగల్లులోనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయంతో పోల్చడానికి ఒకటి. శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రిగారు సంపాదకులుగా వెలువడిన నల్లగొండ జిల్లా శాసనాల సంపుటాలు లేకుండా ఈ పని సాగదు కనుక వాటిని మొదట పెట్టు. పాత పుస్తకాలు కొనవలసి వస్తే, రసీదు ఇవ్వని చోట ఏ కాగితం ఒప్పుకుంటారో కొనకముందే అడిగి, వారి జవాబు దాచుకో. ఆ దరఖాస్తులూ లెక్కలూ అందరూ చదివేటట్టు బహిరంగంగా ఉంటాయట. నన్ను ఇరవై మంది చూశారు; నిన్ను ఎంతమంది చూస్తారో తలచుకుంటేనే నాకు భయం.

ఇంకొకటి. ఛాయా సోమేశ్వరాలయంలో రోజంతా లింగం మీద పడే ఆ నీడ ఒక్క స్తంభానిది కాదనీ, మండపంలోని స్తంభాల మధ్య నుంచి అటూ ఇటూ లోపలికి వచ్చే వెలుతురే దాన్ని పుట్టిస్తుందనీ నీ చిన్నప్పుడు నిన్ను భుజాల మీద ఎక్కించుకొని చూపించాను. నువ్వేమో నీడను పట్టుకుంటానని చెయ్యి చాచి ఏడ్చావు. అది నేను చెప్పానని వ్యాసంలో రాయకు. అచ్చులో ఆధారం లేని సొంత పరిశోధన వికీపీడియాలో చెల్లదు, పెద్దనాయన మూలం కాడు. అచ్చులో ఎవరైనా వివరించి ఉంటే దాన్ని పట్టుకో, లేకపోతే వదిలెయ్యి.

అడిగినంత ఇవ్వకపోతే చిన్నబుచ్చుకోకు. వారు తగ్గించిన మొత్తానికి జాబితా తగ్గించు. చేతి డబ్బు కలిపి గొప్పకు పోకు, నీ జీతం ఎంతో నాకు తెలుసు.

జాబితాను తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపు. ఫోన్‌లో చదవడం నా కళ్ళకు కష్టంగా ఉన్నది. అది చేతికి అందిన మరునాడే గ్రంథాలయానికి పోయి ఏవి ఉన్నాయో గుర్తు పెట్టి తిప్పి పంపుతాను. ఆనాటి పదకొండింటిలో పనికివచ్చిన ఆ రెండూ నీకోసం అట్టలు వేసి పెట్టాను. వాటికి మాత్రం రసీదు అడగకు.

ఇట్లు
నీ పెద్దనాయన