బాబ్ గ్రహమ్ రౌండ్‌కు మారథాన్ సాధన సరిపోతుందా?

మారథాన్ 4 గంటల్లో పరుగెత్తుతాను, మాంచెస్టర్‌లో ఉంటున్నాను, వచ్చే జూన్‌లో బాబ్ గ్రహమ్ రౌండ్ ప్రయత్నించవచ్చా అని అడిగారు. ఇది ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల మీద 24 గంటల్లో ముగించాల్సిన పరుగు. తప్పకుండా ప్రయత్నించవచ్చు. కాకపోతే ఇప్పుడు చేస్తున్న సాధనలో సగానికి పైగా మార్చుకోవాలి.

లెక్క చూడండి. లేక్ డిస్ట్రిక్ట్‌లో 42 శిఖరాలు, సుమారు 106 కిలోమీటర్లు, అన్నీ కలిపి 8,200 మీటర్ల ఎక్కుడు. కెస్విక్‌లోని మూట్ హాల్ దగ్గర మొదలుపెట్టి 24 గంటల్లో మళ్లీ అక్కడికే చేరాలి. 1932లో, ఈ రౌండ్‌కు పేరు వచ్చిన బాబ్ గ్రహమ్ 23 గంటల 39 నిమిషాల్లో చేశారు. సగటు వేగం గంటకు నాలుగున్నర కిలోమీటర్లు కూడా లేదు, అంటే మీ మారథాన్ వేగానికి ఇక్కడ పెద్దగా పని పడదు. ఎక్కేటప్పుడు దాదాపు అందరూ మోకాళ్ల మీద చేతులు పెట్టి నడుస్తారు.

దెబ్బతీసేది దిగుడు. తిరుమల కాలినడకన ఎక్కి, మెట్ల మీదుగానే దిగినవాళ్లకు ఇది తెలుసు: ఎక్కుడు ఊపిరి తీస్తుంది, దిగుడు మర్నాడు తొడలను లేవనివ్వదు. కండరం సాగుతూ బరువు మోస్తుంది కాబట్టి అందులోని పోగులు చిరుగుతాయి. దీనికి మందు దిగడమే. వారానికి 800 మీటర్ల ఎక్కుదిగుడుతో మొదలుపెట్టి, నాలుగైదు నెలల్లో 2,500 దాకా తీసుకెళ్లండి. ప్రతి నాలుగో వారం సగానికి తగ్గించండి. మాంచెస్టర్ నుంచి పీక్ డిస్ట్రిక్ట్ దగ్గరే. అక్కడ ఒకే నిటారు వాలును పదిసార్లు ఎక్కిదిగడం చదును దారిలో 30 కిలోమీటర్ల పరుగు కంటే ఎక్కువ పనికొస్తుంది.

దారి ఐదు భాగాలు. 23 గంటల ప్రణాళిక అయితే సాయంత్రం 7కు బయలుదేరమంటాను. మొదటి భాగానికి 4 గంటలు, రెండోదానికి నాలుగుంపావు, మూడోదానికి 6, నాలుగోదానికి 5, చివరిదానికి రెండుముప్పావు, మధ్య నాలుగు మజిలీలకు తలా 15 నిమిషాలు. ఇలా చేస్తే మొదటి భాగం చివర బ్లెంకాత్రా శిఖరం నుంచి హాల్స్ ఫెల్ రాతి అంచు మీదుగా దిగేసరికి పూర్తిగా చీకటి పడదు. రాత్రంతా డాడ్స్, హెల్వెలిన్ వైపు వెడల్పాటి గడ్డి కొండల మీద గడుస్తుంది. స్కాఫెల్ రాళ్లు పగటి వెలుగులో వస్తాయి.

చీకట్లో జాగ్రత్త పడాల్సింది ఫెయిర్‌ఫీల్డ్ దగ్గర. గ్రైస్‌డేల్ టార్న్ అనే చిన్న చెరువు పైన ఉన్న కనుమ నుంచి ఆ శిఖరం ఎక్కి, అదే దారిన తిరిగి రావాలి. పైభాగం చదును, అక్కడక్కడా రాళ్ల కుప్పలు. పొగమంచులో నాలుగడుగులు తిరిగితే ఎటు నుంచి వచ్చారో తెలియదు. శిఖరం ముట్టుకున్న వెంటనే, తినడానికి సంచి తెరవకముందే, దిక్సూచితో దిగే దిశ పట్టుకోండి.

మూడో భాగమే అసలు పరీక్ష: 15 శిఖరాలు, చివర్లో బ్రాడ్ స్టాండ్. స్కాఫెల్ పైక్ నుంచి స్కాఫెల్‌కు దగ్గరి దారి అదే. పక్కకు తిరిగి దూరాల్సిన ఇరుకు సందు, దాని తర్వాత పట్టు దొరకని వాలు బండ. తడిగా ఉంటే తాడు లేకుండా అటు పోవద్దు. అలసిన కాలు అక్కడ జారితే పడేది రాళ్ల మీదే. ఫాక్సెస్ టార్న్ వైపు దిగి ఎక్కితే కొంత ఎత్తు పోతుంది, కానీ క్షేమం. ఆ రెండు దారులనూ ముందే ఒకసారి నడిచి, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలో రాసుకోండి. ఆ తర్వాత, ఈ భాగం ముగిసే వాస్‌డేల్ లోయకు ఒకేసారి దాదాపు 900 మీటర్లు దిగాలి. దిగీదిగగానే యూబారో కొండ మీద 550 మీటర్ల నిటారు ఎక్కుడు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే, చాలావరకు సరిపడా తినకపోవడం వల్లే.

మొదటి గంట నుంచే ప్రతి అరగంటకూ ఏదో ఒకటి తినండి, గంటకు 200 నుంచి 250 కేలరీల లెక్కన. పది గంటలు దాటాక తీపి జెల్స్ కడుపులో తిప్పుతాయి. అప్పటికి ఉప్పు వేసి ఉడికించిన బంగాళాదుంప ముక్కలు ఉంచుకోండి. మజిలీల్లో పలచగా కలిపిన పెరుగన్నం మనవాళ్లకు బాగా దిగుతుంది. సంచిలో వానకోటు, వాన ప్యాంటు, టోపీ, చేతి తొడుగులు, హెడ్ టార్చ్, అదనపు బ్యాటరీ, విజిల్, కాగితపు మ్యాపు ఉండాలి. ఎండ కాస్తున్నా ఏదీ తీసేయొద్దు.

రౌండ్ పూర్తి చేసినవాళ్ల బాబ్ గ్రహమ్ క్లబ్‌లో సభ్యత్వం కావాలంటే ప్రతి శిఖరం మీదా మీతో సాక్షి ఉండాలి. అందుకని ఒక్కో భాగానికి కనీసం ఇద్దరు తోడు పెట్టుకోండి: ఒకరు దారి చూడటానికి, ఇంకొకరు మీ తిండి మోసి సమయాలు రాయడానికి. రెండో భాగం ముగిసే డన్‌మెయిల్ రెయిజ్‌ను మీరు దాటగానే సామాను కారు వాస్‌డేల్‌కు బయలుదేరాలి. రోడ్డు కొండల చుట్టూ తిరిగి పోతుంది కాబట్టి కారుకు చాలా సేపు పడుతుంది. మీరు ఆగిపోయినా అక్కడి నుంచి బయటపడే మార్గం ఆ కారే.