పంటికి వేసిన క్యాప్ ఎన్నేళ్లు ఉంటుంది?

ప్రశ్న: నా వయసు 46. ఐదేళ్ల క్రితం కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేసి జిర్కోనియా (పంటి రంగులో ఉండే గట్టి పదార్థం) క్యాప్ వేశారు. నొప్పేమీ లేదు, ఆ వైపు బాగానే నములుతున్నాను. కానీ ఈమధ్య ఆ పన్ను పక్కన తిన్నది ఇరుక్కుంటోంది, తీస్తే చెడు వాసన వస్తోంది. క్యాప్ ఒకసారి వేస్తే ఇక జీవితాంతం ఉంటుందనుకున్నాను. మార్చాల్సి వస్తుందా?

జవాబు: మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పెట్టిన మాట ‘నొప్పేమీ లేదు’ అన్నదే. రూట్ కెనాల్‌లో పంటి లోపలి నరాన్ని తీసేస్తారు. అందుకే ఆ పన్ను లోపల పుచ్చినా జివ్వుమని లాగదు, చల్లటి నీళ్లు తగిలినా తెలియదు. వాసన రావడం, ఇరుక్కోవడం లాంటివే మీకు తెలిసే సూచనలు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఈ వారంలోనే డెంటిస్టుకు చూపించుకోండి.

క్యాప్ మార్చాలా వద్దా అన్నది చూశాకే తేలుతుంది. చిగురు వాచినా, పక్క పంటితో సందు ఏర్పడినా ఇలాగే ఉంటుంది. చిగురు సమస్యే అయితే శుభ్రం చేయడంతో తగ్గిపోవచ్చు. క్యాప్‌ను అతికించిన సిమెంట్ కరిగిపోయినా, లోపల పుచ్చు మొదలైనా మాత్రం చాలావరకు క్యాప్ తీయక తప్పదు. ఎక్స్‌రేలో జిర్కోనియా తెల్లటి ముద్దలా కనబడి కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. అందుకే క్యాప్ అంచు చుట్టూ, సన్నటి మొన ఉన్న పరికరం అయిన ప్రోబ్‌తో కూడా చూడమని అడగండి.

ఇక ఎన్నేళ్లు అంటారా, సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు. 20 ఏళ్లు దాటినవీ ఉన్నాయి, ఐదేళ్లకే పాడైనవీ ఉన్నాయి. చాలామంది ‘ఏ రకం క్యాప్ మంచిది’ అని అడుగుతారు గానీ, జిర్కోనియాకైనా లోహానికైనా పింగాణీకైనా పుచ్చు పట్టదు. పట్టేది కింద మిగిలిన మీ సొంత పంటికే. అదీ క్యాప్ అంచు ముగిసే ఆ సన్నటి గీత దగ్గర. పైకి తళతళలాడే క్యాప్ తీసి చూస్తే, లోపల పన్ను గోధుమరంగుకు తిరిగి, పరికరం తగలగానే నానిన చెక్కలా పొరలుగా ఊడిరావడం చాలాసార్లు చూశాను. పాపం, వాళ్లలో రోజూ రెండుపూటలా బ్రష్ చేసేవారూ ఉన్నారు. బ్రష్ నమిలే భాగం మీదే తిరిగింది తప్ప అంచు దాకా వెళ్లలేదు.

కాబట్టి మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్‌ను చిగురు వైపు ఏటవాలుగా పెట్టి, ఫ్లోరైడ్ పేస్ట్‌తో ఆ గీత మీద నెమ్మదిగా తిప్పండి. రాత్రి ఫ్లాస్ తప్పనిసరి. దారాన్ని సందులోకి దించి, పన్నును చుట్టినట్టు వంచి, చిగురు అంచు కింద నుంచి పైకి నాలుగైదుసార్లు లాగండి. సందు పెద్దదైతే సందుల్లో వాడే చిన్న బ్రష్ ఇంకా మేలు. ఫ్లాస్ చేస్తే క్యాప్ ఊడుతుందన్న భయం వద్దు. గట్టిగా అతికిన క్యాప్ దారానికి ఊడదు. ఊడిందంటే అప్పటికే వదులైందన్నమాట.

పొద్దున లేవగానే దవడలు పట్టేసినట్టు ఉంటే, నిద్రలో పళ్లు నూరుతున్నారేమో డాక్టర్‌ను అడగండి. అవసరమైతే రాత్రిపూట పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ చేసిస్తారు. ఐస్ ముక్కలు కొరకడం, పళ్లతో మూతలు తీయడం మానేయండి.

ఒకవేళ క్యాప్ ఊడి చేతికొస్తే పారేయకండి. కడిగి చిన్న డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి. కింద పన్ను బాగుంటే చాలాసార్లు అదే క్యాప్‌ను మళ్లీ అతికించవచ్చు. ఇంట్లో ఉన్న గమ్‌తో మాత్రం అతికించుకోవద్దు. వారాల తరబడి వదిలేస్తే పక్క పళ్లు జరిగి, పాత క్యాప్ పట్టకుండా పోతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా ఆ వైపు ఏమీ నమలకండి. రూట్ కెనాల్ చేసిన పన్ను క్యాప్ లేకుండా నిలువునా చీలితే, చాలాసార్లు దాన్ని తీసేయడం తప్ప దారి ఉండదు.