మారింది సీసానా, నువ్వా?

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆరేళ్ల కిందట అంత ఇష్టపడి డజను సీసాలు కొని దాచుకున్న కాలిఫోర్నియా పినో న్వార్, అదే ఆ పేరున్న ద్రాక్షతో చేసే ఎర్ర వైన్, ఇప్పుడు జామ్‌లా అనిపిస్తోందని, సగం గ్లాసుకే మొహం మొత్తుతోందని రాశావు. మిగిలిన ఏడు సీసాలూ ఎవరికైనా ఇచ్చేస్తానని, ఇకమీదట ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో అదే ద్రాక్షతో చేసే వైన్ తప్ప ఇంకేదీ కొననని కూడా రాశావు. ఆ సీసాలు ఎవరికీ ఇవ్వకు తల్లీ. బర్గండీ గురించిన ఒట్టు కూడా పెట్టుకోకు.

ఒకప్పుడు నచ్చిన వైన్ ఇప్పుడు నచ్చలేదంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. మారింది నీ నాలుకా, సీసాలో ఉన్న వైనా, లేక ఆ వైన్ చేసేవాళ్ల చేతులా? మూడూ మారతాయి. నలభై ఏళ్లుగా పినో తాగుతున్నాను. నేను చేసిన పెద్ద పొరపాట్లన్నీ ఒకదాని నేరం ఇంకోదాని మీద వేయడం వల్ల జరిగినవే.

నాలుక సంగతి ముందు చెబుతాను. పినోతో స్నేహం చాలామందికి బాగా పండిన వైన్‌తోనే మొదలవుతుంది. కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ లోయదో, న్యూజిలాండ్ సెంట్రల్ ఒటాగోదో అయి ఉంటుంది. చెర్రీ, ప్లమ్ వాసన గ్లాసు ఎత్తగానే ఎదురొస్తుంది. మద్యం 14 శాతం దాకా ఉంటుంది కాబట్టి నోరు నిండినట్టుంటుంది. కొత్త ఓక్ పీపాలో ఉండి వచ్చిందైతే పైన వెనిల్లా పరిమళం కూడా. పండు రుచిని గుర్తుపట్టడానికి ఎవరూ నేర్పక్కర్లేదు, అందుకే మొదట అదే నచ్చుతుంది. అందులో తక్కువతనం ఏమీ లేదు. నాలుగైదేళ్లయ్యాక ఆ వెనిల్లా ప్రతి సీసాలోనూ ఒకేలా తగులుతోందని తెలుస్తుంది. ద్రాక్ష మాట్లాడాల్సిన చోట చెక్క మాట్లాడుతోందనిపిస్తుంది. నువ్విప్పుడు సరిగ్గా అక్కడున్నావు.

ఆ తర్వాత నాలుక పులుపును వెతుక్కుంటుంది. మొదట్లో లోపంలా తోచిన ఆ పులుపే రెండో గుక్కకు చెయ్యి చాచేలా చేస్తుంది. ఆపైన వగరు మీదికి ధ్యాస మళ్లుతుంది. వగరు ఎంతుందన్నది కాదు, దాని నేత ఎలా ఉందన్నది. పట్టులా జారిందా, నూలులా పట్టుకుందా అని. చివరికి రుచి కంటే వాసన ముఖ్యమైపోతుంది. గ్లాసు పట్టుకుని పది నిమిషాలు తాగకుండా కూర్చోగలిగిన రోజున నీకే తెలుస్తుంది.

రంగు సంగతి ఇక్కడే చెప్పాలి. పినో ద్రాక్షకు తొక్క పలచన, అందులో రంగు పదార్థాలూ తక్కువే. గ్లాసు వెనక వేళ్లు కనిపించేంత లేతగా ఉన్నా ఆ వైన్ బలహీనమైనదని కాదు. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రపు విలామెట్ లోయలో తొలిగా పినో నాటినవారిలో డేవిడ్ లెట్ ఒకరు. ఆయన వైన్లకు లేత రంగనే పేరుంది. ఆయన చేసిన 1975 పినో 1980లో బర్గండీ నడిబొడ్డున, బోన్ పట్టణంలో జరిగిన రుచి పోటీలో రెండో స్థానంలో నిలిచింది. దాని ముందున్నది 1959 నాటి షాంబోల్ మ్యూజిన్యీ అనే బర్గండీ ఊరి వైన్ ఒక్కటే. ముదురు రంగు కోసం వెతికే అలవాటు నాకు పోవడానికి చాలా ఏళ్లు పట్టింది. నువ్వు ఈరోజే వదిలెయ్.

ఇక సీసా. పినో పుట్టిన మొదటి రెండు మూడేళ్లు విచ్చుకుని ఉంటుంది. తర్వాత చాలా వైన్లు మూసుకుపోతాయి. పండు కనిపించదు, పులుపూ వగరూ మాత్రమే పైకి తేలతాయి. కొన్నేళ్లకు మళ్లీ తెరుచుకునేసరికి అది వేరే వైన్. చెర్రీ వెనక్కి తగ్గి పుట్టగొడుగులు, తడిసిన ఆకులు, తోలు వాసన ముందుకొస్తాయి. నేను 1996 బర్గండీలు కొన్నాను. ఆ ఏడాది ఎర్ర వైన్లలో పులుపు బాగా ఎక్కువ. ఐదో ఏట తెరిచి, పళ్లు పులిశాయని, నా రుచికి బర్గండీ సరిపడదని తీర్మానించుకుని ఉన్నవన్నీ పంచిపెట్టేశాను. పద్నాలుగో ఏట ఒక స్నేహితుడు ఆ పంచిపెట్టిన వాటిలోనే ఒకటి తెరిచి నాకు పోశాడు. ఆ గ్లాసు ముందు నాకు మాట రాలేదు. వైన్ నిద్రపోతుంటే తప్పు నా నాలుక మీద వేసుకున్నానన్న బాధ ఇప్పటికీ ఉంది. నీ ఏడు సీసాలు ఇచ్చెయ్యొద్దని అంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

మూడోది, చేసే చేతులు. వాటితో పాటు వాతావరణం. బోన్‌లో ద్రాక్ష కోత తేదీల లెక్క 1354 దాకా వెనక్కి దొరుకుతుంది. 1988 నుంచి అక్కడ కోత, అంతకు ముందు శతాబ్దాల సగటు కంటే 13 రోజులు ముందే జరుగుతోంది. 2003 వేసవి వేడికి ఆగస్టులోనే కోసేశారు. ఒకప్పుడు చల్లని ఏళ్లలో ద్రాక్ష సరిగా పండక, పులియబెట్టేటప్పుడు చక్కెర కలిపి మద్యం శాతం పెంచుకునే బర్గండీ రైతుకు ఇప్పుడు చాలా ఏళ్లలో ఆ అవసరమే లేదు. పద్ధతులు కూడా అటూ ఇటూ ఊగాయి. తొక్కల్లోంచి రంగూ వగరూ పిండుకుని, కొత్త పీపాల్లో పోసి, చిక్కగా చేయడం 1990లలో బాగా నడిచింది. ఇప్పుడు చాలామంది తొక్కల్ని తక్కువగా కలియబెడుతున్నారు. గుత్తుల్ని కాడలతో సహా పులియబెట్టేవాళ్లూ పెరిగారు. కాడలు కొంత రంగును పీల్చేసుకుంటాయి, పులుపును కాస్త తగ్గిస్తాయి, ఒక మసాలా ఘాటునిస్తాయి. బాగా చేస్తే అద్భుతం. మోజు కొద్దీ చేస్తే పచ్చి కాడ నమిలినట్టే ఉంటుంది, నన్నడిగితే.

అందుకే "ఇక బర్గండీ మాత్రమే" అన్న మాటకు పెద్దగా అర్థం లేదంటాను. ఓరెగాన్‌లో 2011 చాలా చల్లని సంవత్సరం, కోత బాగా ఆలస్యమైంది. ఆ ఏటి విలామెట్ పినోనూ 2003 బర్గండీనీ లేబుళ్లు కప్పి నా ముందు పెట్టినప్పుడు నేను తారుమారుగా చెప్పాను. నువ్వు వెతుకుతున్నది సన్నదనం, పులుపు, పరిమళం. అవి ఒక్క ఊరి సొత్తు కావు. జర్మనీలో ఈ ద్రాక్షనే ష్పేట్‌బుర్గుండర్ అంటారు, అక్కడా దొరుకుతాయి.

అయినా బర్గండీ నేర్చుకోవాలనుంటే పెద్ద పేర్ల జోలికి పోకు. వోల్నే, పొమార్ అని పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లున్నాయి. ఒకే ఏడాదివి, వీలైతే ఒకే వైన్ తయారీదారువి, రెండు సీసాలు తెచ్చుకుని ఒకే సాయంత్రం తెరువు. వోల్నే మెత్తగా పరిమళిస్తుంది. బంకమట్టి ఎక్కువున్న పొమార్ గట్టిగా నిలబడుతుంది. పొలం గట్టు దాటితే రుచి ఎందుకు మారుతుందో పది పుస్తకాల కంటే ఆ రెండు గ్లాసులే నీకు బాగా చెబుతాయి.

కొనే పద్ధతి కూడా మార్చుకో. డజను వద్దు, మూడు చాలు. ఒకటి ఇప్పటికి, ఒకటి ఐదేళ్లకు, ఒకటి పదేళ్లకు. నీ దగ్గరున్న ఏడూ ఏడాదికొకటి చొప్పున తెరువు. 14 నుంచి 16 డిగ్రీల మధ్య చల్లబరిచి, పొట్ట వెడల్పుగా ఉన్న గ్లాసులో పోసుకో. వెచ్చగా తాగితే మద్యం ఘాటే ముందుకొచ్చి పండిన వైన్ మరీ జామ్‌లా తోస్తుంది. ఇప్పటి నీ ఫిర్యాదులో సగం దానివల్లేనేమో అని నా అనుమానం. తాగిన ప్రతిసారీ నాలుగు మాటలు రాసుకో, పోయినేడు రాసింది చూడకుండా. పత్రికల్లో వాడే మాటలొద్దు. తొలకరికి తడిసిన మట్టి, పాత పుస్తకం, ఇస్త్రీ చేసిన బట్ట, ఏది గుర్తొస్తే అదే రాయి. పదేళ్ల తర్వాత అవి చదివినప్పుడు నీ నాలుక నడిచిన దారి నీకే కనిపిస్తుంది.

ఇంకొకటి చెప్పాలి. డెబ్బై దాటాక నా ముక్కు మునుపటిలా లేదు. ఒకప్పుడు గది నిండా పరిమళించిందనుకున్న షాంబోల్ కోసం ఇప్పుడు గ్లాసులో వెతుక్కుంటున్నాను. బర్గండీలోనే జెవ్రే షాంబెర్తాన్ ఊరి వైన్ లాంటి గట్టివి ముందుగా పలుకుతున్నాయి. ఇరవై ఏళ్లు దూరం పెట్టిన బాగా పండిన పినోలు కూడా రెండేళ్లుగా మళ్లీ తెచ్చుకుంటున్నాను, ఇష్టంగా తాగుతున్నాను.

వచ్చే నెల నేను వచ్చినప్పుడు ఆ ఏడింటిలో ఒకటి తెరుద్దాం. తెరవడానికి ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. ఆరేళ్ల కిందట నువ్వేమైనా రాసుకున్న కాగితం ఉంటే తీసి ఉంచు, కానీ ముందే నాకు చూపించకు. ఇద్దరం విడివిడిగా రాసి, తర్వాత మూడూ పక్కపక్కన పెట్టి చదువుకుందాం.

ఉంటాను తల్లీ,
మీ మామయ్య